కిటికీ సీటు పుస్తకాలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగే తెలుగు పిల్లలకు భాషల కొరత లేదు. ఇంట్లో తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెచ్చుకున్న తెలుగు, బుధవారి బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ కంపెనీ కొలువుల వెంట మనవాళ్లు ఇంత దూరం వచ్చారు. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తవడంతో సొంతూరికి దారి దగ్గరైంది. 2003 ఏప్రిల్ 5న బిలాస్‌పూర్ ఏకంగా ఒక జోన్‌కే కేంద్రమైంది, అదే ఆగ్నేయ మధ్య రైల్వే. వేసవి సెలవులకి విశాఖ వెళ్లే కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు కోసం అన్నదమ్ములు కొట్టుకోవడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే.

ఆ కిటికీ దగ్గర కూర్చున్న పిల్లలు అడిగే ప్రశ్నలకు పెద్దవాళ్ల దగ్గర జవాబులు చాలవు. పుస్తకాలు కావాలి. కథలూ కావాలి, వాటితో పాటు నిజాలు చెప్పే పుస్తకాలూ కావాలి. పదిహేను, ఇరవై ఏళ్లుగా మన దేశంలో పిల్లల కోసం అలాంటివి మునుపటికన్నా ఎక్కువగా, అందంగా వస్తున్నాయి. అలాంటి పుస్తకం పిల్లకి రోజూ కనిపించే వస్తువును పట్టుకుని మొదలైతే చివరిదాకా చదివిస్తుందని నా నమ్మకం. అందుకే ఈ విశేషాలన్నీ బిలాస్‌పూర్ పట్టాల పక్కనుంచే మొదలవుతాయి.

మూడున్నర కిలోమీటర్ల లెక్క

2022 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లయిన రోజున, కోర్బా నుంచి రాజనందగావ్‌కు ఒక బొగ్గు రైలు నడిచింది. పేరు సూపర్ వాసుకి. అయిదు రేక్‌లను, అంటే అయిదు గూడ్సు రైళ్ల వ్యాగన్ వరసలను, ఒకదాని వెనక ఒకటి కలిపి ఒకే రైలుగా కట్టారు. 6 ఇంజిన్లు, 295 వ్యాగన్లు, మొత్తం బరువు దాదాపు 26,000 టన్నులు, పొడవు మూడున్నర కిలోమీటర్లు. 267 కిలోమీటర్ల దూరానికి 11 గంటల 20 నిమిషాలు పట్టింది. కోర్బా నుంచి చాంపా మీదుగా వచ్చే ఆ దారి మన బిలాస్‌పూర్ గుండానే పోతుంది.

దీన్ని పిల్లల ముందు లెక్కగా పెట్టి చూడండి. ఒక్కో బొగ్గు వ్యాగన్‌కు ఎనిమిది చక్రాలు. అంటే ఇంజిన్ల చక్రాలు వదిలేసినా 2,360 చక్రాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గేటు దగ్గర సైకిలు దిగి నిలబడ్డ మనిషి అయిదు నిమిషాలకు పైగా ఆగాలి. అంత బరువు కదలడానికి ఎంత శక్తి కావాలి? ఆపాలంటే ఎంత దూరం ముందునుంచి బ్రేకు వేయాలి? అన్ని ఇంజిన్లు ఒకే మాట మీద ఎలా నడుస్తాయి? ఇంట్లో లోకో పైలట్ ఉంటే ఆయన్నే అడగొచ్చు.

లేనివాళ్లకు డేవిడ్ మెకాలే రాసి, బొమ్మలు గీసిన ‘ద వే థింగ్స్ వర్క్’ ఉంది. 1988లో వచ్చింది, 2016లో కొత్త యంత్రాలు చేర్చి మళ్లీ వేశారు. మీటలు, కప్పీలు, గేర్లు, చక్రాలు, అన్నీ అందులో బొచ్చు ఏనుగుల సాయంతో నడుస్తాయి. ఆ మంచుయుగపు మామత్‌లు ఎందుకంటే, బరువు అనేదాన్ని కంటికి చూపించడానికి ఏనుగును మించిన జంతువు లేదు. ధర ఎక్కువే, కాలనీలో నాలుగు కుటుంబాలు కలిసి కొనుక్కోదగ్గ పుస్తకం.

రైలు చివర గుణకారం గుర్తు

రైలు చివరి పెట్టె వెనక పెద్ద పసుపు ‘ఎక్స్’ గుర్తు, దాని పక్కన ‘ఎల్.వి.’ అన్న చిన్న బోర్డు కనిపిస్తాయి. ఇదే ఆఖరి పెట్టె అని వాటి భావం. రైలు స్టేషను దాటేటప్పుడు సిబ్బంది ఆ గుర్తు కోసమే చూస్తారు. అది కనిపించకపోతే మధ్యలో ఎక్కడో పెట్టెలు తెగిపోయి ఉండొచ్చు, వెనక వచ్చే రైలును వదలకూడదు. గేటుకు ముందు పట్టాల పక్కన పసుపు పలక మీద హిందీలో ‘సీ/ఫా’ అని ఉంటుంది. ముందు ఫాటక్ ఉంది, సీటీ కొట్టు అని డ్రైవరుకు చెప్పడం. ఇలాంటి గుర్తులన్నీ ఒకచోట చేర్చి బొమ్మలతో తెలుగులో ఒక చిన్న పుస్తకం వేస్తే రైల్వే కాలనీల్లో అది నలిగిపోయేదాకా చదువుతారు. బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్, వాల్తేరు పిల్లలందరికీ పనికొస్తుంది.

కోర్బా బొగ్గులో అంటార్కిటికా ఆకు

సూపర్ వాసుకి మోసిన బొగ్గు ఒకప్పుడు అడవి. పాతిక నుంచి ముప్ఫై కోట్ల ఏళ్ల కిందటి చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు మట్టి కింద అణిగి బొగ్గుగా మారాయి. ఆ చెట్లలో ముఖ్యమైనది గ్లోసాప్టెరిస్. నాలుక ఆకారంలో ఉండే దాని ఆకుల అచ్చులు ఇప్పటికీ బొగ్గు పొరల మధ్య రాళ్లలో దొరుకుతాయి. మన సింగరేణి బొగ్గుదీ ఈ వంశమే.

1912లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం చేరి, తిరుగు దారిలో చలికీ ఆకలికీ ప్రాణాలు వదిలింది. నెలల తర్వాత వాళ్ల గుడారాన్ని కనుక్కున్నవాళ్లకు అక్కడ దాదాపు 16 కిలోల రాళ్లు కనిపించాయి. అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా ఆ మనుషులు రాళ్లను పారేయలేదు. వాటిలో గ్లోసాప్టెరిస్ ఆకు అచ్చు ఉంది. ఇండియాలో ఉన్న చెట్టు మంచు ఖండంలోకి ఎలా వెళ్లింది? ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదానికి ఇలాంటి ఆకులే సాక్ష్యాలయ్యాయి.

అలా కలిసి ఉన్న దక్షిణాది ఖండాల మహాఖండాన్ని ప్రపంచంలోని భూగోళ పుస్తకాలన్నీ గోండ్వానా అంటాయి. హెన్రీ మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో మధ్య భారతపు రాళ్ల వరసకు, గోండుల నేల కాబట్టి, ఆ పేరు పెట్టాడు. 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూస్ దాన్ని మహాఖండానికి వాడాడు. బ్రెజిల్‌లో, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో పిల్లలు బడిలో నేర్చుకునే ఆ పేరు బిలాస్‌పూర్ చుట్టుపక్కల అడవుల్లో ఇప్పటికీ బతుకుతున్న మనుషులది. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పకుండా పదో తరగతి దాటించేస్తాం. నాకు అది చాలా అన్యాయంగా తోస్తుంది.

డైనోసార్ల పుస్తకం కొనేటప్పుడు

పిల్లలు ముందుగా చేయి చాపేది డైనోసార్ల పుస్తకానికే. అందులో ఎక్కువగా అమెరికా, చైనా జంతువులుంటాయి. ఆ పుస్తకం కొనిపెట్టిన వేసవిలోనే హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం కోటాసారస్‌ది. ఆదిలాబాద్ ప్రాంతంలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలను చూసి పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. సుమారు 30 అడుగుల పొడవు, మెడా తోకా సాగిన శాకాహారి. అదే ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన ఇంకో పెద్ద శాకాహారి బారపాసారస్ కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. దాని పూర్తి శాస్త్రీయ నామం బారపాసారస్ టాగోరై. 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి నడుస్తుండగా ఆ తవ్వకాలు మొదలయ్యాయి, అందుకని ఆయన పేరు.

ఠాగూర్ పేరు వచ్చింది కాబట్టి మళ్లీ బిలాస్‌పూర్ స్టేషనుకి రావాలి.

స్టేషనులో కవిత, చేతిలో ఖగోళం

ఠాగూర్ 1918లో వేసిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కవిత ఉంది. అందులో ప్రధాన ఘట్టం జరిగేది మన బిలాస్‌పూర్ స్టేషనులోనే. జబ్బుతో ఉన్న భార్యను గాలి మార్పుకు తీసుకెళ్తూ ఒకతను అక్కడ రైలు మారడానికి ఆగుతాడు. రుక్మిణి అనే కూలీ భార్య కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలని ఆవిడకు చెప్పుకుంటుంది. ఇవ్వమని భార్య అంటుంది, ఇచ్చానని భర్త అబద్ధం చెబుతాడు. తర్వాత ఆ అబద్ధం అతణ్ణి వదలదు. ఆ కవితను స్టేషనులో ఫలకం మీద చెక్కించి పెట్టారు. రోజూ దాని ముందు నుంచి వేలమంది నడిచిపోతారు.

అదే ఠాగూర్ 1937లో, 76 ఏళ్ల వయసులో, ఒక సైన్సు పుస్తకం రాశారు. పేరు ‘విశ్వపరిచయ్’. పరమాణువుల లోకం, నక్షత్రాల లోకం, సౌరజగత్తు, గ్రహాలు, చివరికి భూమి, అన్నీ సామాన్య పాఠకుడి కోసం తేట బెంగాలీలో. దాన్ని భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్‌కు అంకితమిచ్చారు. నోబెల్ అందుకున్న కవి ముసలితనంలో కూర్చుని పరమాణువు గురించి చదివి, అర్థం చేసుకుని, పిల్లలకూ పెద్దలకూ చెప్పాలనుకోవడం మామూలు విషయం కాదు. సైన్సు పుస్తకం కవిత్వం కన్నా తక్కువ పని అని ఆయన అనుకోలేదు. ఈ మాట మన తెలుగు కవులంతా వినాలని కోరుకుంటాను.

ముఖం నిండా జంతువులు

ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో మనియారి నది ఒడ్డున తాలాగావ్ ఉంది. దేవరాణి, జేఠాణి అనే జంట గుళ్ల దగ్గర 1987-88 తవ్వకాల్లో ఒక విగ్రహం బయటపడింది. ఎత్తు ఎనిమిది అడుగులకు పైగా, బరువు అయిదు టన్నుల దాకా. దాన్ని పిల్లలకు చూపించి, ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమనండి. తలపాగా అంతా పాములు. ముక్కూ కనుబొమలూ కలిసి ఒక బల్లి. మీసాలు చేపలు. గడ్డం ఎండ్రకాయ. చెవుల దగ్గర నెమళ్లు. భుజాల మీద మొసలి నోళ్లు. ఛాతీ మీద, పొట్ట మీద, తొడల మీద మనిషి ముఖాలు, మోకాళ్ల దగ్గర సింహాలు. పదిహేను వందల ఏళ్ల కిందటిదని అంచనా. రుద్రశివుడు అంటారు గానీ ఇది అసలు ఎవరి విగ్రహమో పండితులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

చిన్న పాఠకుడికి ఇంతకన్నా మంచి వార్త లేదు. పెద్దవాళ్లు ఇంకా తేల్చని ప్రశ్న ఒకటి తన ఊరి పక్కనే ఉంది! ఇలాంటి ప్రశ్నలను తవ్వకాలు ఎలా విప్పుతాయో చెప్పే పుస్తకం దేవికా కరియప్ప రాసిన ‘ఇండియా త్రూ ఆర్కియాలజీ’. చెన్నైలోని తూలిక 2017లో వేసింది. కుండపెంకులు, ఎముకలు, నాణేలు, గోడలు చూసి కాలాన్ని ఎలా లెక్కకడతారో అందులో ఉంటుంది. 2019లో ఇంగ్లీషుకిచ్చే సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం దీనికే వచ్చింది. పిల్లల పురస్కారం కథకో పాటకో గాక పురావస్తు శాస్త్రానికి వెళ్లిందంటే గాలి మారుతున్నట్టే.

అక్కయ్య పుస్తకం, తమ్ముడి గ్రంథమాల

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది బిలాస్‌పూర్ తెలుగువాళ్లు తమ సొంతమని చెప్పుకోదగ్గ చరిత్ర.

బ్రిటిష్ కాలంలో బిలాస్‌పూర్, నాగపూర్ రెండూ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో జిల్లాలు. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ భర్త ఉద్యోగం వల్ల ఆ ప్రావిన్సులోనే సంసారం చేసింది. బడికి వెళ్లి చదువుకున్నది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్క దగ్గరుండి నాగపూర్‌లో చదువుకుంటుంటే అతని పక్కన కూర్చుని అక్షరాలు నేర్చింది. తెలుగుతో ఆగలేదు. హిందీ, మరాఠీ, బెంగాలీ నేర్చింది, సంస్కృతమూ ఇంగ్లీషూ కొంత పట్టుబడ్డాయి. పరాయి ప్రాంతంలో బతకడం వల్ల వచ్చిన ఆ భాషలన్నీ ఆమెకు పరిశోధనకు పనిముట్లయ్యాయి.

1901లో ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వేసింది. వెయ్యేళ్ల కాలంలోని భారతీయ స్త్రీల జీవిత చరిత్రలు అందులో ఉన్నాయి. ఆడవాళ్లకు తెలివి తక్కువ, చదివిస్తే చెడిపోతారు అనే మాటలు అబద్ధమని ఉదాహరణలతో నిరూపించడం ఆమె ఉద్దేశం. తర్వాత పురాణ కాలపు స్త్రీల మీద ఒక భాగం, విదేశీ స్త్రీల మీద ఇంకో భాగం తేవాలనుకుంది. 1905లో, ముప్ఫై ఏళ్లకే, చనిపోయింది. తెలుగులో తొలి కథా రచయిత్రిగా ఇప్పుడు ఆమెను తలుచుకుంటున్నారు, మంచిదే. అయితే బతికిన మనుషుల వివరాలు వెతికి, సరిచూసి, పేర్చి పెట్టిన రచయిత్రిగా కూడా ఆమెను తలుచుకోవాలి. ఇవాళ పుస్తకాల షాపుల్లో సాహస స్త్రీల జీవిత కథలంటూ పిల్లల కోసం రంగురంగుల పుస్తకాలు వరుసగా వస్తున్నాయి. ఆ పని నూట ఇరవై ఏళ్ల కిందట మన భాషలో, ఈ ప్రావిన్సు గాలి పీల్చిన ఒక ఇల్లాలు మొదలుపెట్టింది.

తమ్ముడు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్ర, శాస్త్రాలు తెలుగులో చవగ్గా అందించడం దాని పని. తొలి పుస్తకం ఏమిటో తెలుసా? అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసింది, 1907లో వచ్చింది. కట్టెల ఇంట్లో పుట్టి దేశాధ్యక్షుడైన మనిషి కథ మన ఊళ్ల కుర్రాళ్లకు అలా చేరింది. తర్వాత లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చాక, 1923లో ఆయన మరణంతో ఆ పని ఆగింది.

ఆ దారిలో నడిచినవాళ్లు

మహీధర నళినీమోహన్ (1933–2005) భౌతిక శాస్త్రవేత్త. ‘కేలండర్ కథ’, ‘నిప్పు కథ’, ‘పిడుగు దేవర కథ’ అని ఆయన పుస్తకాల పేర్లు వింటేనే తెరవాలనిపిస్తుంది. అధిక మాసం ఎందుకు వస్తుందో అమ్మమ్మను అడిగి విసిగించే పిల్లకి ‘కేలండర్ కథ’ ఇవ్వండి. కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949–2012) భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ ‘విశ్వాంతరాళం’, ‘మానవ పరిణామం’ లాంటివి రాశారు. పన్నెండేళ్లు దాటినవాళ్లకు సరిపోతాయి.

ఒక తరానికి మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు గుర్తుంటాయి. యాకొవ్ పెరెల్మాన్ ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’ వాటిలో మకుటం. ఆ మాస్కో పుస్తకాల్లో కొన్నిటిని శాస్త్రజ్ఞుడు, నవలాకారుడు అయిన ఉప్పల లక్ష్మణరావు అక్కడే కూర్చుని తెలుగు చేశారు. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ సరఫరా ఆగిపోయింది. ఇప్పుడు సికింద్రాబాదు నుంచి ‘మంచి పుస్తకం’ వాళ్లు పాతవి మళ్లీ వేస్తూ, అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి కొత్తవి తెస్తున్నారు. జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రిక బడి పిల్లలకు సైన్సు సంబరాలు కూడా జరుపుతుంది. హిందీలో చదవగలిగే బిలాస్‌పూర్ పిల్లలకు ఇంకో అదృష్టం ఉంది. భోపాల్ నుంచి ఏకలవ్య సంస్థ 1985 నుంచి తెస్తున్న ‘చక్‌మక్’ వాళ్లకు సులువుగా అందుతుంది.

గబగబా కొన్ని

పిల్లల బొమ్మల పుస్తకాల్లో తొలిది అని చాలామంది చెప్పేది కథల పుస్తకం కాదు. 1658లో కొమీనియస్ అనే చెక్ ఉపాధ్యాయుడు వేసిన ‘ఆర్బిస్ పిక్టస్’. లోకంలోని వస్తువులన్నిటికీ బొమ్మలు, పక్కన లాటిన్, జర్మన్ మాటలు.

అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే పేరున్న న్యూబరీ మెడల్ మొట్టమొదట, 1922లో, ఒక చరిత్ర పుస్తకానికి వెళ్లింది. హెండ్రిక్ వాన్ లూన్ రాసిన మానవ జాతి కథ.

1928 వేసవిలో ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకు అలహాబాదు నుంచి నెహ్రూ 30 ఉత్తరాలు రాశారు. భూమి ఎలా పుట్టింది, రాళ్లు ఏం చెబుతాయి, మనుషులు ఎలా వచ్చారు అని. 1929లో అవి పుస్తకమయ్యాయి. హిందీలోకి అనువదించింది ప్రేమ్‌చంద్.

మైకేల్ ఫారడే పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికుర్రాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదివి శాస్త్రవేత్త అయ్యాడు. 1860-61 చలికాలంలో పిల్లలను కూర్చోబెట్టి ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు, 1861లో అవి అచ్చయ్యాయి. లిథియం బ్యాటరీకి 2019లో నోబెల్ అందుకున్న జపాన్ శాస్త్రవేత్త అకీరా యొషినో తనకు చిన్నప్పుడు రసాయన శాస్త్రం మీద మనసు పడేలా చేసింది ఆ కొవ్వొత్తి పుస్తకమేనని చెప్పారు. మన జేబులో ఫోను నడిచేది ఆ బ్యాటరీతోనే.

చెవిదిద్దులు వద్దన్న పిల్ల

కేరళలో పీరుమేడులో 1918లో పుట్టిన అన్నా మణికి ఎనిమిదో పుట్టినరోజున ఇంట్లో ఆచారం ప్రకారం వజ్రాల చెవిదిద్దులు పెట్టబోయారు. ఆ పిల్ల అవి వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగి తీసుకుంది. పెద్దయ్యాక సి.వి. రామన్ ప్రయోగశాలలో పనిచేసింది, భారత వాతావరణ శాఖలో గాలినీ ఎండనూ కొలిచే పరికరాలను మన దేశంలోనే తయారుచేయించింది. నందితా జయరాజ్ రాసి, ప్రియా కురియన్ బొమ్మలు వేసిన పుస్తకం ఒకటి ఆమె మీద ప్రథమ్ బుక్స్ నుంచి వచ్చింది. అదే నందిత, ఆషిమా ఫ్రైడాగ్‌తో కలిసి 31 మంది భారతీయ మహిళా శాస్త్రవేత్తలను పరిచయం చేస్తూ 2019లో ఇంకో పుస్తకం తెచ్చారు. చెరకు జాతుల మీద పనిచేసి, ఎనభై దాటాక కూడా సైలెంట్ వ్యాలీ అడవి కోసం గొంతెత్తిన వృక్ష శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ మీద లావణ్య కార్తీక్ చిన్న పుస్తకం ఉంది. సుభద్రా సేన్ గుప్తా 2020లో పిల్లలకు రాజ్యాంగం వివరించారు. ఇంట్లో రాజకీయాల మాటలు విని ‘ప్రాథమిక హక్కులంటే ఏమిటి నాన్నా’ అనే వయసుకు అది సరైనది.

ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో పుస్తకాలు ఉచితం. తెలుగు, హిందీ రెంటిలోనూ చదవొచ్చు, ఒకే పుస్తకాన్ని రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకోవచ్చు. తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాని కాలనీ పిల్లలకు దానితో మొదలుపెట్టించమని నా సలహా. అందులో గోండీ పుస్తకాలూ ఉన్నాయి. 2018లో వేర్వేరు రాష్ట్రాల గోండీ వాళ్లు ఒకచోట చేరి పిల్లల పుస్తకాలు తమ భాషలోకి తెచ్చారు, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల గొంతు వినిపించే సీజీనెట్ స్వర అందులో భాగస్వామి.

లండన్‌లో వానపాము

బిలాస్‌పూర్‌కు వాయవ్యాన, మైకల్ కొండల అవతల, మధ్యప్రదేశ్ డిండోరి జిల్లాలో పాటన్‌గఢ్ అనే ప్రధాన్ గోండుల పల్లె ఉంది. అక్కడివాడైన చిత్రకారుడు భజ్జూ శ్యామ్ ఒక హోటలు గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లి రెండు నెలలున్నాడు. తిరిగొచ్చి తాను చూసింది గీశాడు. 2004లో చెన్నై తారా బుక్స్ ‘ద లండన్ జంగిల్ బుక్’ వేసింది. విమానం రెక్కలొచ్చిన ఏనుగయింది, అంత బరువు గాల్లో లేవడం తనకు అంత వింతగా తోచింది కాబట్టి. భూమి కింద నడిచే రైలు వానపాము. తనను రోజూ నమ్మకంగా ఇల్లు చేర్చిన 30వ నంబరు బస్సు కుక్క. బిగ్ బెన్ గడియారం, పల్లెలో పొద్దు చెప్పే కోడిపుంజు ఒకే బొమ్మలో కలిసిపోయాయి. అది కల్పన కాదు, ఒక మనిషి కళ్లారా చూసిన లండన్. యాత్రా రచన అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2018లో భజ్జూ శ్యామ్‌కు పద్మశ్రీ వచ్చింది.

దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ కూడా ప్రధాన్ గోండు చిత్రకారులే. అంబేడ్కర్ జీవితం మీద వాళ్లు బొమ్మలు వేసిన ‘భీమాయణ’ 2011లో వచ్చింది. రైల్వే ఊళ్ల పిల్లలు అందులో మసూర్ స్టేషను ఘట్టం తప్పక చూడాలి. 1901లో తొమ్మిది, పదేళ్ల భీమ్ అన్నతో, మేనల్లుడితో తండ్రి దగ్గరకు వెళ్తూ ఆ స్టేషనులో దిగుతాడు. మంచి బట్టల్లో ఉన్న పిల్లలను చూసి మర్యాదగా పలకరించిన స్టేషను మాస్టరు, కులం తెలియగానే దూరం జరుగుతాడు. రెట్టింపు డబ్బు ఇస్తామన్నా బండివాళ్లు ఎక్కించుకోరు. ఈ పుస్తకంలో గాయపరిచే మాటలు తేలు కొండి ఉన్న బుడగల్లో, మెత్తని మాటలు పిట్ట ఆకారపు బుడగల్లో ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల కూడా ఆ తేలును గుర్తుపడుతుంది. ఇది బాధపెట్టే పుస్తకమే. పదేళ్లవాడికి జరిగిన నిజాన్ని పదేళ్లవాళ్లు చదవడం న్యాయం.

సైకిలు ట్యూబు, అగ్గిపుల్ల

బిలాస్‌పూర్ 2000 దాకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఆ రాష్ట్రంలోనే హోషంగాబాద్ జిల్లాలో 1972లో పల్లె బడుల కోసం ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. పిల్లలు పాఠం వినడం కాదు, చేసి తెలుసుకోవాలి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో లారీల ఫ్యాక్టరీ ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్లారు. సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, ఇళ్లు, గోళాలు కట్టడం అక్కడే కుదిరింది. వాటి మీద ఆయన రాసిన పుస్తకం చాలా భాషల్లోకి వెళ్లింది. ఆయన వెబ్‌సైటులో వేల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి, వాటిలో తెలుగువీ కనిపిస్తాయి. ఖర్చు పెట్టలేని ఇంటికి ఇదే తొలి పుస్తకాల షాపు.

బోగీలో బడి

చివరగా, రైల్వే ఊరికి రాసిపెట్టినట్టున్న పుస్తకం. జపాన్ నటి టెట్సుకో కురొయనాగి 1981లో తన చిన్నప్పటి బడి గురించి రాసింది. తెలుగులో దాని పేరు ‘రైలుబడి’. టోక్యోలో సొసాకు కొబయాషి అనే హెడ్‌మాస్టరు పాత రైలు పెట్టెలనే తరగతి గదులుగా చేశాడు. వేరే బడి నుంచి పంపించేసిన అల్లరి పిల్ల టొట్టో అక్కడ చేరిన మొదటి రోజు, ఆయన నాలుగు గంటలు ఆమె చెప్పిందంతా విన్నాడు. ఒక రాత్రి కొత్త బోగీ వస్తోందని తెలిసి, పట్టాలు లేని వీధిలో అది ఎలా వస్తుందో చూడాలని పిల్లలంతా బడిలోనే పడుకుంటారు. వచ్చిన ఆ బోగీ వాళ్ల లైబ్రరీ అయింది. 1945లో బాంబు దాడుల్లో ఆ బడి కాలిపోయింది. తొలి పుస్తకం వచ్చిన 42 ఏళ్లకు, 2023 అక్టోబరులో, తొంభై ఏళ్ల కురొయనాగి దానికి రెండో భాగం వేసింది. అది తెలుగులోకి రావాలి.

మన రైల్వేకీ ఈ విద్య కొత్త కాదు. 2020లో ఆసన్‌సోల్‌లో పాత బోగీని హోటలుగా మార్చారు. అదే ఏడాది మైసూరులో అశోకపురం బడికి రెండు పాత బోగీలు తరగతి గదులయ్యాయి. జోన్ కేంద్రమైన బిలాస్‌పూర్‌లో కండెమ్ చేసిన బోగీ ఒకటి తోర్వా వైపు ఏ చెట్టు కిందనో నిలబెట్టి, తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, గోండీ పుస్తకాలు అందులో సర్దమని కాలనీ పెద్దలు అడగాలి. అడిగే ఉత్తరం కింద పిల్లల సంతకాలు ముందుండాలి.